నాలుగు గుప్పెళ్ళ దూది

చలి పోయి ఎండ ఇంకా ముదరని ఆ నెలంటే ఊళ్ళో అందరికీ ముద్దు. చెట్లు చిగుళ్ళు వేశాయని, గాలి హాయిగా ఉందని తెగ మురిసిపోతారు. నన్నడిగితే ఏడాది మొత్తంలో అంతకంటే దొంగ నెల లేదు. పొద్దున నవ్వుతుంది, మధ్యాహ్నానికి మూతి ముడుచుకుంటుంది, సాయంత్రానికి భోరుమంటుంది. ఎందుకేడ్చావమ్మా అని అడిగేలోపు మళ్ళీ నవ్వుతుంది. పరుపులు కుట్టేవాడి పెళ్ళాన్ని కాబట్టి నాకు ఆకాశంతో ఇరవై ఎనిమిదేళ్ళుగా తగాదా నడుస్తోంది. చలి వెళ్ళగానే జనం పాత పరుపులు మోసుకొచ్చి మా కొట్లో పడేస్తారు. వాటిని విప్పాలి, గట్టిపడ్డ దూదిని ఏకాలి, మేడ మీద నిండా ఎండ పట్టించాలి, మళ్ళీ కుట్టాలి. సరిగ్గా ఎండ కావలసినప్పుడే ఆకాశం ఈ వేషాలన్నీ వేస్తుంది.

మా ఆయన్ని ఊరంతా మెత్తనయ్య అంటారు. అసలు పేరు కాగితాల్లో ఎక్కడో ఉండాలి. నోట్లో నాలుక లేని మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "ఊ"లే ఉంటాయి. ఆయన వాటా మాటలు కూడా నేనే మాట్లాడుతున్నాను కాబట్టి కొట్టు నడుస్తోంది. "ఆయన దూదిని ఏకుతాడు, ఆవిడ మనుషుల్ని ఏకుతుంది" అని ఎదురింటి చెప్పుల కొట్టతను అంటాడట. అననీ, అబద్ధమా ఏంటి!

కానీ ఆయన చేతుల సంగతి చెప్పాలి. పరుపు కుట్లు విప్పి, కళ్ళు మూసుకుని, దూదిలోకి మోచేతిదాకా చెయ్యి పెడతాడు. ఎన్నేళ్ళ దూది, ఎక్కడ తడిసింది, పడుకున్న మనిషి ఏ పక్కకి తిరిగి పడుకునేవాడు, అన్నీ ఆ చేతికి తెలిసిపోతాయి. ఉయ్యాల పరుపు కుట్టినప్పుడైతే మరీను. కుట్టడం అయ్యాక దాన్ని బల్ల మీద పెట్టి, వంగి, చెంప ఆనించి చూస్తాడు. ఎక్కడైనా ఉండ తగిలిందా, మొత్తం విప్పేసి మళ్ళీ మొదలు. మాకు పిల్లల్లేరు. చెప్పేశాను కదా, ఇక దాని గురించి జాలి పడక్కర్లేదు.

నాకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒకే ఒక్కటి. ఎవరి దూదిని వాళ్ళ పరుపు గలేబు మీదే ఆరబెట్టాలి. ఆ చారల గుడ్డే ఆ దూదికి గుర్తు. ఏకిన దూది ఎవరిదైనా ఒకలాగే కనబడుతుంది. గుడ్డ మీంచి తీశామా, ఇక అది ఎవరిదో చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు.

ఆ సోమవారం ఎండ బ్రహ్మాండంగా కాసింది. కంపౌండరు గారు తోపుడుబండి మీద పరుపు వేయించుకుని, పక్కనే ఒక చెయ్యి దాని మీద ఆనించి, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. ఆయన ఊరి ఆసుపత్రిలో నలభై ఏళ్ళు మందులు కలిపి మానేసిన మనిషి. మానేసి అయిదేళ్ళయినా అందరికీ కంపౌండరు గారే. భార్య చలికాలం మొదట్లో పోయింది. కూతురు నెలలు నిండి పుట్టింట్లోనే ఉంది.

"ఈ పరుపు మా ఆవిడది చెల్లెమ్మా" అన్నాడు. "మా పెళ్ళప్పుడు వాళ్ళమ్మ దగ్గరుండి కుట్టించింది. దీన్ని విప్పి ఉయ్యాలలోకి ఒక చిన్న పరుపు కుట్టాలి. మిగిలింది తరవాత చూసుకుందాం. డాక్టరమ్మ కాన్పు ఆదివారం అంది."

"అలాగే అన్నయ్యగారూ, దానిదేముంది!"

"అమ్మాయి పట్టుబట్టింది. అమ్మ ఒళ్ళో వెయ్యాల్సిన బిడ్డ, అమ్మ లేదు కదా, కనీసం అమ్మ పరుపు మీదైనా పడుకోబెడతానంది." పరుపు అంచుని ఒకసారి నిమిరాడు. "వేరే దూది ఒక్క పోచ కూడా కలపకండి. అదొక్కటే నేను అడిగేది. ఇంకోటి, ఎండ బాగా పట్టించండి. మందు వాసన పట్టేసి ఉంది, పసిబిడ్డకి ఘాటు తగలకూడదు."

పదకొండేళ్ళు ఆవిడ కీళ్ళ నొప్పులతో బాధపడింది. కర్పూరం, పుదీనా పువ్వు, ఇంకేదో నూనె కలిపి ఆయనే ఇంట్లో లేపనం తయారుచేసి రోజూ పడుకునేముందు రాసేవాడట. మా ఆయన కుట్లు విప్పగానే ఆ ఘాటు కొట్టంతా కమ్ముకుంది. నాకైతే తుమ్మే వచ్చింది. మా ఆయన మాత్రం చెయ్యి లోపల పెట్టి, తీసి, వేళ్ళ మధ్య ఒక పోచని సాగదీసి చూశాడు.

"పొడుగు పింజ" అన్నాడు. "ఇప్పుడు దొరకదు."

రెండు మాటలు! ఆ దూది ఎంత మంచిదో నాకు అప్పుడే అర్థమైంది.

మంగళవారం ఆకాశం మబ్బు దుప్పటి కప్పుకుని కూర్చుంది. కొట్లో ఇంకో పని కూడా ఉంది. బస్సులు ఆగే చోట ఉన్న లాడ్జివాళ్ళవి రెండు పరుపులు. వాటిలో ఉన్నదాన్ని దూది అనడానికి నాకు నోరు రాదు. మిల్లుల్లో ఊడ్చిపారేసే చెత్త పీచు, దాని మీద వచ్చేపోయేవాళ్ళ చెమట, చుట్ట కంపు. లాడ్జి మేనేజరు రోజుకి రెండుసార్లు వచ్చి "అయిందా అమ్మా?" అంటాడు. "వానని నేను కురిపిస్తున్నానా బాబూ? పైకెళ్ళి అడుగు" అని పంపించేశాను.

బుధవారం పొద్దున్నే సూర్యుడు ఏమీ ఎరగనట్టు వచ్చేశాడు. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. నా ఎడమ మోకాలు వాన వచ్చేముందు సలుపుతుంది. అది పట్టణంలో వాన కబురు చెప్పే పెద్ద పెద్ద యంత్రాలకంటే నమ్మకమైనదని నా గట్టి అభిప్రాయం. ఆ రోజు మోకాలు నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది. "ఇవాళ వాన రాదు, నాది పూచీ" అని మా ఆయనతో అన్నాను. ఇద్దరం కలిసి మేడ మీద ఒక మూల కంపౌండరు గారి దూది, ఇంకో మూల లాడ్జి దూది, ఎవరి గలేబు మీద వాళ్ళది పరిచాం. ఆయన కొత్త మంచాల కొలతలు తీసుకోవడానికి లాడ్జికి వెళ్ళాడు.

నేను ఊరికే ఉండొచ్చు కదా! ఉండను. లాడ్జి గలేబు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచి ఎండ, దీన్ని ఇప్పుడే ఉతికేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది కదా అనుకున్నాను. దాని మీది దూదిని తీసి, కంపౌండరు గారి గలేబు పెద్దది కదా అని, దాని చివర ఖాళీగా ఉన్నచోట కుప్ప పెట్టాను. మధ్యలో జానెడు సందు వదిలాను. ఎంత తెలివో చూడండి. జానెడు సందు!

గుడ్డ ఉతికి పిండేలోపు వెనకనుంచి గాలి లేచింది. తలెత్తి చూస్తే పడమటివైపు ఆకాశం కాలిన మూకుడులా ఉంది. మెట్లు రెండేసి ఎక్కి పైకి పరిగెత్తాను. అప్పటికే దూది గాలికి దొర్లుతోంది, రెండు కుప్పలూ ఒకదాని మీదొకటి పడి పోచలు పిట్టగోడదాకా ఎగురుతున్నాయి. రూపాయి బిళ్ళంత చినుకులు మొదలయ్యాయి. ఏది ఎవరిదో చూసే తీరికెక్కడ? చేతికి అందినంతా గలేబులోకి ఊడ్చి, నాలుగు కొసలూ ముడేసి, దాని మీద టార్పాలిన్ చుట్టి, కిందికి ఈడ్చుకొచ్చాను. తలుపు వేసి నిలబడ్డాక అప్పుడు గుర్తొచ్చింది. కంపౌండరు గారు అడిగింది ఒక్కటే, ఒక్క పోచ కలపొద్దని. నేను కలిపింది లాడ్జి చెత్త. అది కూడా రెండు పరుపులది.

మా ఆయన తడిసి ముద్దై వచ్చాడు.

"దూది?" అన్నాడు.

"అన్నీ భద్రం. లోపల పెట్టాను. మీరు ముందు తల తుడుచుకోండి" అన్నాను. తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోయి, లేని పని కల్పించుకుని గిన్నెలు మోగించాను. మా పెళ్ళయ్యాక ఆయనతో అబద్ధం చెప్పడం అదే మొదలు. నా నోరు ఊరంతా తిరుగుతుంది కానీ ఆయన దగ్గర నిజమే మాట్లాడుతుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

గురువారం వాన వెలిసింది కానీ ఎండ రాలేదు. గోడలు చెమ్మ పట్టి ఉన్నాయి. పొద్దున్నే ఆయన మూట విప్పి, అలవాటుగా కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

ఇక ఆగలేకపోయాను. మొత్తం కక్కేశాను. మోకాలు, ఎండ, గలేబు ఉతకడం, జానెడు సందు, గాలి, నిన్నటి అబద్ధం, ఏదీ మిగల్చలేదు. చివర్లో ఏడుపొచ్చింది. "తిట్టండి, నన్ను కూడా ఏకిపారేయండి, నోరు మూసుకుని కూర్చోకండి!" అని నేనే అరిచాను.

"వాన చెప్పి రాదుగా" అన్నాడు. అంతే. వెళ్ళి చేట తెచ్చుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"వేరు చేస్తున్నా."

"మీకేమైనా పిచ్చా? ఆ కుప్పలో వేరు చేయడం మనుషులకి సాధ్యమా? పైగా ఎవరికి తెలుస్తుందండీ? బిడ్డకి తెలుస్తుందా, ఆయనకి తెలుస్తుందా?"

"తెలీదు" అన్నాడు.

"మరి?"

"నా చేతికి తెలుసు."

ఒక్కొక్క పోచ తీసి, రెండు బొటనవేళ్ళతో రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగుతాడు. చెత్త పీచు పుటుక్కున తెగుతుంది. పొడుగు పింజ తెగదు, బద్ధకంగా సాగుతూ విడిపోతుంది. తెగింది గోనెలోకి, సాగింది చేటలోకి. నేనూ పక్కన కూర్చుని ప్రయత్నించాను కానీ నా చేతికి రెండూ ఒకలాగే ఉన్నాయి. పొద్దుపోయేసరికి చేట నిండలేదు. ఉయ్యాల పరుపుకి కేజీన్నర కావాలి.

శుక్రవారం పగలు పదింటికి వడగళ్ళు పడ్డాయి. రేకుల మీద ఆ మోతకి ఒకరి మాట ఒకరికి వినపడదు. అది ఆగీ ఆగకముందే కంపౌండరు గారు గొడుగేసుకుని, చెప్పుల నిండా బురదతో, మొహమంతా నవ్వుతో వచ్చాడు.

"ఆడపిల్ల చెల్లెమ్మా! రెండు రోజులు ముందే వచ్చేసింది. తల్లీబిడ్డా బాగున్నారు. ఆదివారం సాయంత్రం ఇంటికి పంపిస్తామన్నారు. ముక్కు చూశావూ, అచ్చం..." అని ఆగిపోయి మళ్ళీ నవ్వాడు. "పరుపు ఎంతవరకూ వచ్చింది?"

ఆకాశాన్ని కూడా తిట్టగలిగిన నా నోరు ఆ క్షణాన ఎండిపోయింది. మా ఆయన తలెత్తి నన్ను చూశాడు. చెప్పమని కాదు, నేను చెప్పలేకపోతే తను చెబుతానన్నట్టు. ఈయన చెప్పడం మొదలుపెడితే మాటలు కూడదీసుకునేసరికి పిల్లకి పళ్ళు వస్తాయి. నేను చేసిన తప్పు నేనే చెప్పాలి కదా. చెప్పాను. దాచకుండా, తగ్గించకుండా, లాడ్జి పేరుతో సహా.

ఆయన మొహంలోంచి నవ్వు మెల్లగా వెళ్ళిపోవడం చూశాను. అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది.

"లాడ్జి దూదిలోనా?" అన్నాడు.

"తప్పయిపోయింది అన్నయ్యగారూ."

"నేను ఒక్కటే అడిగాను చెల్లెమ్మా. ఒక్కటే." గొడుగు గోడకి ఆనించి బల్ల మీద కూర్చున్నాడు. "నలభై ఏళ్ళు మందులు కలిపాను. ఒక సీసాలో పోయాల్సింది ఇంకో సీసాలో పోయలేదు. ఒక్కసారి కూడా. ఇప్పుడు నేను పిల్లకి ఏం చెప్పను? మీ అమ్మ పరుపు లేదమ్మా, కలిసిపోయింది అని చెప్పనా?"

ఆయన లేచి, గొడుగు మర్చిపోయి, సన్నటి జల్లులో తడుస్తూ వెళ్ళిపోయాడు. నేను గొడుగు పట్టుకుని వీధి మలుపుదాకా పరిగెత్తాను. ఆయన వెనక్కి తిరగలేదు. ఆ రోజంతా మా ఆయన వంచిన నడుము ఎత్తలేదు. నేను నోరెత్తలేదు. మా ఇంట్లో అదీ ఒక వింతే.

శనివారం పొద్దున ఇంకో అపచారం నా కంటపడింది. మెట్ల కింద మూలగా ఒక పాత చీర ముక్క మీద నాలుగు గుప్పెళ్ళ పొడుగు పింజ దూది ఆరేసి ఉంది. పైన చిన్న ఫ్యాను తిరుగుతోంది. మా ఆయన పనే.

"చేటలో కేజీ కూడా లేదు, ఇక్కడ దాచుకుంటున్నారా! రేపు సాయంత్రానికి పరుపు కావాలా వద్దా? మీకసలు మతి ఉందా?"

"ఊ" అన్నాడు. అది అవునో కాదో ఆ దేవుడికే తెలియాలి. నేను ఇంకా ఏకుతూనే ఉన్నాను, గుమ్మంలో ఎవరో దగ్గారు. కంపౌండరు గారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"గొడుగు మర్చిపోయాను" అన్నాడు, నా వైపు చూడకుండా.

గొడుగు తెచ్చి ఇచ్చాను. తీసుకున్నాడు. కానీ కదల్లేదు. రాత్రంతా తలుపులు మూసిన కొట్టు, చెమ్మ పట్టిన గది. అందులో కర్పూరం ఘాటు గడ్డకట్టి నిలబడి ఉంది. ఆయన ముక్కుపుటాలు కదిలాయి. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"తడికి వాసన లేచింది" అన్నాడు మా ఆయన.

కంపౌండరు గారు మెల్లగా లోపలికొచ్చి, కింద మోకాళ్ళ మీద కూర్చుని, కలిసిపోయిన కుప్పలోంచి ఒక గుప్పెడు తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పక్కన పడేశాడు. ఇంకో గుప్పెడు తీశాడు. ఈసారి పడెయ్యలేదు.

"ఇది మాది" అన్నాడు.

మా ఆయన దాన్ని తీసుకుని బొటనవేళ్ళతో సాగదీసి చూసి తల ఊపి చేటలో వేశాడు. ఒకరి ముక్కు, ఒకరి చెయ్యి. ఆయన గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా వాసన చూసి ముందుకి తోస్తాడు, ఈయన అందులో మిగిలిన చెత్త పీచు ఏరేస్తాడు. నిన్నటిదాకా పోచలు పోచలుగా నడిచిన పని చేటలు చేటలుగా నడిచింది. నేను టీ పెట్టి ఇద్దరి పక్కనా పెట్టాను. చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాను.

రెండో టీ అందుకుంటూ కంపౌండరు గారు మొదటిసారి నా మొహం చూశాడు. "నిన్న నీకు అబద్ధం చెప్పాను చెల్లెమ్మా."

"ఏంటి?"

"ఒకసారి పోశాను. చర్మానికి రాసే మందు, చెవిలో వేసుకునే మందు సీసాలో. లేబులు కూడా అంటించేశాను. మా ఆవిడ నాకు కారియరు తెచ్చి, బల్ల మీద చూసి, ఇదేంటి ఈ రంగులో ఉంది అంది. అప్పటికి సీసా ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది. తనే మోరీలో పారబోసింది." టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "పోయేదాకా ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాతో దెబ్బలాడినప్పుడు కూడా అనలేదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనైతే రోజుకి రెండుసార్లు అనేదాన్ని" అన్నాను.

"అందరూ ఒకలా ఉంటారా?" అని నవ్వేశాడు. మా ఆయన కూడా నవ్వాడు, చప్పుడు లేకుండా. సాయంత్రానికి తూకం వేస్తే కేజీన్నరకి పైన రెండు గుప్పెళ్ళు తేలింది.

ఇక మిగిలింది ఎండ. ఆదివారం తెల్లవారకముందే లేచి మేడెక్కి నిలబడ్డాను. "చూడూ, ఈ వారమంతా నువ్వు చేసిన నిర్వాకం చాలు. ఇవాళ ఒక్కరోజు బుద్ధిగా ఉండు" అని ఆకాశానికి గట్టిగా చెప్పాను. పక్క మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ నన్ను అదోలా చూసింది. చూస్తే చూసింది. ఎనిమిదికల్లా ఎండ చురుక్కుమంది.

దూదిని దాని గలేబు మీదే పరిచాం. కంపౌండరు గారు తొమ్మిదికే వచ్చి పిట్టగోడ నీడన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. గంటకోసారి లేచి ఒక పోచ తీసి వాసన చూస్తాడు. పది గంటలకి "గట్టిగానే ఉంది" అన్నాడు. పన్నెండుకి "తగ్గుతోంది" అన్నాడు. రెండున్నరకి తీసిన పోచని చాలాసేపు ముక్కు దగ్గరే ఉంచుకున్నాడు. ఇంకో చోటినుంచి ఇంకొకటి తీశాడు. ఇంకొకటి.

"పోయింది" అన్నాడు. "మొత్తం పోయింది. మంచిదే, పిల్లకి ఇక భయం లేదు."

నవ్వుతూనే అన్నాడు. ఆ పోచల్ని మళ్ళీ దూదిలో జాగ్రత్తగా పెట్టి, చేతులు దులుపుకోకుండా వాటివైపే చూసుకుంటూ నిలబడ్డాడు. ఎండ బాగా పట్టించమన్నది ఆయనే. ఆ మాట అడగడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు ఆరు రోజుల తరవాత అర్థమైంది. ఇల్లంతా వెతికినా ఆవిడ వాసన ఇక ఈ పరుపులోనే మిగిలి ఉండి ఉంటుంది.

మా ఆయన దూదిని కిందికి తెచ్చి, ఏకే యంత్రం మీద వెయ్యకుండా పాతకాలపు దూదేకే విల్లుతో చేత్తోనే ఏకాడు. కొత్త గుడ్డలో నింపి, దబ్బనంతో కుట్లు వేసి, బల్ల మీద పెట్టి, వంగి చెంప ఆనించాడు. ఆ రోజు ఎందుకో చాలాసేపు ఆనించాడు. తరవాత లేచి కంపౌండరు గారికి అందించి, మెట్ల కిందికి వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పుడు చేతిలో చిన్న దిండు ఉంది. రెండు అరచేతులంత దిండు, ఆవిడ పరుపు పాత గలేబు ముక్కతో కుట్టినది. చీర ముక్క మీద ఆరేసిన నాలుగు గుప్పెళ్ళు! నేను మతి ఉందా అని దులిపేసిన ఆ నాలుగు గుప్పెళ్ళు.

"నీడన ఆరబెట్టాను" అన్నాడు మా ఆయన. ఇంకా ఏదో అనాలని పెదాలు కదిపి, మాటలు వెతుక్కుని, చివరికి అన్నాడు. "దీనికి ఎండ చూపించలేదండీ."

కంపౌండరు గారు ఉయ్యాల పరుపుని బల్ల మీద పెట్టేశాడు. దిండు తీసుకుని మొహానికి ఆనించుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. నేను కూడా ఏడుస్తున్నాను, అది చూస్తే ఆయన తన ఏడుపు ఆపేసుకుంటాడేమో అనిపించింది.

ఆయన వెళ్ళేటప్పటికి నాలుగున్నరయింది. మళ్ళీ ఎక్కణ్ణించో ఓ మబ్బు వచ్చి నాలుగు చినుకులు రాల్చింది. ఆయన దిండుని చొక్కా లోపల పెట్టుకుని, పరుపుని చంకలో పెట్టుకుని, గొడుగుని పరుపు మీదికి వంచి పట్టి, తను తడుస్తూ గబగబా నడిచి వెళ్ళాడు. మేమిద్దరం గుమ్మంలో నిలబడి మలుపు తిరిగేదాకా చూశాం.

"నాకు చెప్పొచ్చు కదా, అంత తిట్టనిచ్చారు!" అన్నాను.

"చెబితే మాత్రం తిట్టవా?" అన్నాడు.

ఆయన చెయ్యి తీసుకుని చూశాను. దబ్బనం గుచ్చుకుని బొటనవేలు కమిలిపోయి ఉంది. వేళ్ళనిండా ఇంకా కర్పూరం వాసన. మాలోనూ ఎవరో ఒకరు ఇలా మిగిలిపోతాం కదా అని ఒక్కసారిగా చాలా భయమేసింది.

"నా ఎడమ మోకాలు నొప్పెడుతోందండీ" అన్నాను.

"వానొస్తుందా?"

"వాన కాదు. ఊరికే నొప్పి."

ఆయన నన్ను ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి, ముక్కాలిపీట లాక్కుని నా ముందు కూర్చున్నాడు. నా కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.